కొండ అడిగేది సమయం

చదును రోడ్డు మీద గంటసేపు తొక్కినా అలుపు తెలియని సైకిలు, కోటప్పకొండ ఘాట్ రోడ్డెక్కగానే ఎందుకంత ఆయాసం తెప్పిస్తుంది? సైకిలు తొక్కే ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. దాని వెనకే మరొకటి వస్తుంది. ఎక్కిన దారినే దిగుతాం కదా, ఎక్కడానికి పెట్టిన శక్తి దిగేటప్పుడు తిరిగి రావాలి కదా, మరి కొండదారి చదునుదారి కన్నా ఎందుకు కష్టం కావాలి? మొదటి ప్రశ్నకు చాలామంది చెప్పుకునే జవాబు "కాళ్ళలో బలం చాలదు" అని. ఆ జవాబుతో సైకిళ్ళు కొండ కింద ఆగిపోతాయి. పిల్లలు, ఆడవాళ్ళు, యాభై దాటినవాళ్ళు ఘాట్ రోడ్డు మనది కాదనుకుని వెనక్కి తిరుగుతారు. ఆ జవాబు తప్పని లెక్కలతో చూపించడమే ఈ అధ్యాయం పని. కొండ అడిగేది కండబలాన్ని కాదు, సమయాన్ని. అడిగినంత సమయం ఇచ్చే వీలు సైకిలులో ఉంటే, మామూలు ఆరోగ్యం ఉన్న మనిషి ఎవరైనా కొండ ఎక్కగలరు.

ఈ సంగతి పరీక్షించి చూడటానికి పల్నాడు చక్కటి నేల. పిడుగురాళ్ళ, దాచేపల్లి వైపు సున్నపురాయి, నాపరాయి పరుచుకున్న భూమి చాలావరకు చదును. నరసరావుపేట పక్కన మైదానంలోంచి ఒక్కసారిగా లేచిన కోటప్పకొండకు మెట్ల దారీ ఉంది, ఘాట్ రోడ్డూ ఉంది. రెడ్డిరాజుల కొండవీటి కోటకూ ఇప్పుడు ఘాట్ రోడ్డు మీదుగా వెళ్ళొచ్చు. మాచర్ల దగ్గర నల్లమల అంచు మొదలవుతుంది. అక్కడి నుంచి ఎర్రగొండపాలెం, దోర్నాల మీదుగా వెళితే శ్రీశైలం ఘాట్ అడవి మధ్యనుంచి ఎక్కుతుంది. చదును, ఎగుడుదిగుడు నేల, అడవి కొండ మూడూ దగ్గర దగ్గరగా ఉన్న ప్రాంతం కాబట్టి, ఒకే మనిషి ఒకే సైకిలుతో మూడు చోట్లా ఏం జరుగుతుందో పోల్చి చూసుకోవచ్చు.

చదునులో గాలి, ఎత్తులో భూమి

సైకిలును వెనక్కి లాగేవి ముఖ్యంగా మూడు. మొదటిది గాలి అడ్డు. రెండోది దొర్లుడు అడ్డు. టైరు నేలను తాకిన చోట నొక్కుకుపోయి, చక్రం తిరగగానే మళ్ళీ విచ్చుకుంటుంది, ఆ క్రమంలో కొంత శక్తి వృథా అవుతుంది. మూడోది భూమి ఆకర్షణ. ఇది చదునులో మనల్ని నేలకు అదిమి ఉంచుతుందే కానీ వెనక్కి లాగదు. రోడ్డు పైకి లేచినప్పుడు మాత్రం బరువులో కొంత భాగం వెనక్కి లాగడానికి తిరుగుతుంది. ఎంత భాగమన్నది వాలును బట్టి ఉంటుంది. 100 మీటర్లు ముందుకు పోతే 5 మీటర్లు పైకి లేచే రోడ్డును 5 శాతం వాలు అంటారు. 65 కిలోల మనిషి 15 కిలోల సైకిలు మీద ఉంటే మొత్తం 80 కిలోలు. అందులో 5 శాతం, అంటే 4 కిలోల బరువు, ఆ రోడ్డు మీద ఉన్నంతసేపూ అతణ్ణి వెనక్కి లాగుతూనే ఉంటుంది.

నాలుగు కిలోలు పెద్ద బరువేమీ కాదే అనిపిస్తుంది. చదునులో ఎంత లాగుతుందో పక్కన పెట్టి చూస్తే దాని సంగతి తెలుస్తుంది. నిటారుగా కూర్చుని గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే మనిషిని గాలి దాదాపు 1.1 కిలోల బలంతో వెనక్కి తోస్తుంది. మామూలు టైర్ల దొర్లుడు అడ్డు అరకిలో పైచిలుకు. రెండూ కలిపినా రెండు కిలోలు కావు. ఈ అడ్డును తోసుకుంటూ ఆ వేగంతో పోవడానికి సుమారు 100 వాట్లు కావాలి. రోజూ సైకిలు తొక్కే అలవాటున్న ఆరోగ్యవంతుడు గంటల తరబడి ఇవ్వగలిగిన పని అది. ఇప్పుడు అదే మనిషి, అదే 100 వాట్లతో, 5 శాతం వాలు ఎక్కుతున్నాడనుకుందాం. లాగే బలం రెండు కిలోల లోపు నుంచి ఐదు కిలోల దగ్గరికి పోయింది. శక్తి పెరగలేదు కాబట్టి వేగం తగ్గాలి. లెక్క వేస్తే గంటకు ఏడున్నర కిలోమీటర్లు వస్తుంది. ఆ వేగంలో గాలి అడ్డు దాదాపు లేనట్టే. వేగం మూడో వంతుకు దిగితే గాలి తోసే బలం తొమ్మిదో వంతుకు పడిపోతుంది. చదునులో పని ఎక్కువగా గాలిని తోయడానికి పోతే, ఎత్తులో దాదాపు అంతా బరువును పైకెత్తడానికి పోతుంది.

ఇక్కడ గమనించాల్సిన మాట ఒకటుంది. పైన చెప్పిన మనిషి కొండ మీద చదునులో కన్నా ఎక్కువ శక్తి పెట్టలేదు. గుండె అంతే కొట్టుకుంది, ఊపిరి అంతే ఆడింది. గంటకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోవడానికి అతను ఒప్పుకున్నాడు, అంతే. మనలో చాలామంది ఒప్పుకోరు. చదునులో ఏ వేగంతో వచ్చామో దాన్నే కొండ మీదా నిలబెట్టాలని చూస్తాం. 5 శాతం వాలు మీద 20 కిలోమీటర్ల వేగం నిలబెట్టాలంటే 300 వాట్లు దాటాలి. అది సాధన చేసిన పందెగాళ్ళ స్థాయి. మామూలు మనిషి కొద్ది నిమిషాలకే చేతులెత్తేస్తాడు. ఆయాసం కొండ వల్ల వచ్చిందనుకుంటాం. నిజానికి అది చదును నాటి వేగాన్ని వదులుకోకపోవడం వల్ల వచ్చింది.

రోడ్డు వేసే ఇంజనీర్లకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. కోటప్పకొండ మెట్ల దారి, ఘాట్ రోడ్డు ఒకే గుడికి చేరుస్తాయి, ఎక్కే ఎత్తు ఒక్కటే. మెట్లు దగ్గరి దారిన నిటారుగా పోతాయి. ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుతూ దూరాన్ని పెంచి వాలును తగ్గిస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం కొండ ప్రాంతపు రోడ్లకు మామూలుగా ఉండవలసిన వాలు 5 శాతం, బాగా నిటారైన ప్రాంతాల్లో 6 శాతం. మరీ తప్పనిసరైన చోట్ల కొద్ది దూరం 8 శాతం దాకా అనుమతి ఉంది. బరువు లారీలు ఆగిపోకుండా ఎక్కాలని పెట్టిన ఈ హద్దులు సైకిలుకూ మేలు చేస్తాయి. అయితే హెయిర్‌పిన్ మలుపులో లోపలి అంచు పొట్టిది. అదే ఎత్తును తక్కువ దూరంలో ఎక్కాలి కాబట్టి అక్కడ వాలు ఎక్కువ. మన దేశంలో ఎడమవైపు నడుస్తాం గనుక, ఎడమకు తిరిగే మలుపుల్లో సైకిలువాడికి దొరికేది ఆ నిటారు అంచే. మలుపు రాకముందే దానికి సిద్ధపడితే మధ్యలో కాలు దించవలసిన పని ఉండదు.

పళ్ళ చక్రాలు చేసే పని

వేగం తగ్గించుకోవడానికి మనసు ఒప్పుకున్నా సైకిలు ఒప్పుకోకపోవచ్చు. మన ఊళ్ళలో ఎక్కువగా కనిపించే 28 అంగుళాల సైకిలును తీసుకుందాం. పెడల్ దగ్గరి చక్రానికి 44 పళ్ళు, వెనక ఫ్రీవీలుకు 18 పళ్ళు ఉన్నాయనుకుంటే, పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిలు సుమారు 5.3 మీటర్లు పోతుంది. చదునులో ఇది హాయిగా ఉంటుంది. నిమిషానికి అరవై చుట్లు పైచిలుకు తొక్కితే 20 కిలోమీటర్ల వేగం వస్తుంది. కొండ మీద గంటకు ఏడున్నర కిలోమీటర్లు పోవాలంటే అదే సైకిలులో నిమిషానికి 23 చుట్లే తొక్కాలి. ఒక్కో చుట్టులో 5.3 మీటర్ల దారికి కావలసిన పనంతా చేసెయ్యాలి. పెడల్ మీద సగటున 24 కిలోల ఒత్తిడి పడాలి. పెడల్ నడి మధ్యకు వచ్చినప్పుడు అది 40 కిలోలు దాటుతుంది. 8 శాతం వాలు వస్తే సగటే 35 కిలోలు, గరిష్ఠం మనిషి బరువుకు దగ్గర. అందుకే సీటు మీంచి లేచి, ఒళ్ళంతా పెడల్ మీద వేసి తొక్కుతారు. గుండెకు సత్తువ ఇంకా ఉన్నా మోకాళ్ళు, తొడలు ముందే ఆగిపోతాయి.

గుంటూరు యార్డుకు పోయే మిరపకాయల టిక్కీని తలుచుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. నలభై కిలోల పైబడ్డ టిక్కీని డాబా మీదికి చేర్చాలి. ఒక్కడే భుజానికెత్తుకుని ఒక్క విడతలో మెట్లెక్కొచ్చు. అలా చెయ్యగలిగిన హమాలీలు ఉన్నారు, అందరూ చెయ్యలేరు. టిక్కీ విప్పి, కాయల్ని పది తట్టలకు సర్ది, ఒక్కో తట్టా తాడుతో పైకి లాగొచ్చు. ఆ పని పదేళ్ళ పిల్లవాడూ చేస్తాడు, డెబ్బై ఏళ్ళ అవ్వా చేస్తుంది. డాబా మీదికి చేరిన బరువు రెండు సందర్భాల్లోనూ ఒక్కటే. ఒకచోట పెద్ద బలం ఒక్కసారి, మరోచోట చిన్న బలం పదిసార్లు. బలం తగ్గించుకున్నంత మేర విడతలు పెరుగుతాయి. ఈ బేరంలో ఎవరూ ఉచితంగా లాభపడలేదు. అయితే మొదటి పద్ధతిలో కాయలు కిందే ఉండిపోయే మనుషులు చాలామంది, రెండో పద్ధతిలో పైకి చేర్చగలుగుతారు.

సైకిలు గేరు చేసేది సరిగ్గా ఇదే. ముందు 28 పళ్ళు, వెనక 32 పళ్ళ చక్రాల మీద చైను పడితే, పెడల్ ఒక చుట్టుకు సైకిలు 1.8 మీటర్ల పైచిలుకు మాత్రమే పోతుంది. అదే 5 శాతం వాలు మీద, అదే 100 వాట్లకు, పెడల్ మీద సగటున 8 కిలోల ఒత్తిడి చాలు. నిమిషానికి 23 చుట్లకు బదులు 68 చుట్లు తొక్కాలి. ఎనిమిది కిలోలంటే మెట్లెక్కేటప్పుడు కాలి మీద పడే బరువులో చిన్న భాగం. గేరు శక్తిని పుట్టించదు, కొండ ఎత్తును తగ్గించదు. ఒకే పనిని మన కాలు మొయ్యగలిగిన ముక్కలుగా విడగొడుతుంది. కొండకు కావలసిన సమయాన్ని ఇవ్వగలిగే స్తోమత మనిషికి దొరికేది ఈ పళ్ళ చక్రాల వల్లనే.

గేరు బలహీనుల కోసమా?

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. గేర్లు వేసుకుని ఎక్కడం గొప్పా, గేరు లేకుండా కొండ ఎక్కినవాడే మొనగాడు కదా అని. ఇది కొత్త మాట కాదు. సైకిలు పందేలకు పుట్టినిల్లయిన ఫ్రాన్సులోనే నూరేళ్ళ కిందట ఈ వాదం గట్టిగా నడిచింది. సాంతెతియెన్ పట్టణానికి చెందిన పాల్ ద వివీ, వెలోసియో అన్న కలం పేరుతో రాస్తూ, పలు గేర్ల సైకిలు కోసం జీవితమంతా వాదించాడు. ఆ పట్టణం పక్కన చెట్లు కమ్ముకున్న కొండలున్నాయి. అలాంటి దారుల్లో రోజంతా తిరగడానికి ఒక్క గేరు సైకిలు పనికిరాదని ఆయన తొక్కి చూసి చెప్పాడు. 1903లో మొదలైన టూర్ ద ఫ్రాన్స్ పందేన్ని నడిపిన ఆన్రి దెగ్రాంజ్ దీనికి ఒప్పుకోలేదు. గేర్లు వయసు మళ్ళినవాళ్ళకు, బలం లేనివాళ్ళకు అన్నది ఆయన ధోరణి. 1910లో పిరెనీస్ పర్వతాల మీది తూర్మలే కనుమను పందెంలో చేర్చినప్పుడు కూడా పోటీదారులకు ఇప్పటిలాంటి గేర్లు లేవు. కొందరు ఆ దారుల్లో సైకిలు దిగి నెట్టుకుంటూ నడిచారు. గేరు మార్చే డెరైలర్‌ను ఆ పందెంలో అందరికీ అనుమతించింది 1937లో, దెగ్రాంజ్ పక్కకు తప్పుకున్నాక.

ఇవాళ టూర్ ద ఫ్రాన్స్ నెగ్గే మొనగాళ్ళంతా గేర్లతోనే కొండలెక్కుతారు. ప్రపంచంలోకెల్లా బలమైన కాళ్ళకే గేరు అవసరమైనప్పుడు, దాన్ని బలహీనుల సాధనం అనడంలో అర్థం లేదు. దక్షిణ ఫ్రాన్సులోని మోన్ వాంతూ కొండను ఉదాహరణగా తీసుకుందాం. బెద్వాన్ ఊరి నుంచి శిఖరానికి 21 కిలోమీటర్లు, ఎక్కే ఎత్తు దాదాపు 1,600 మీటర్లు, సగటు వాలు ఏడున్నర శాతం. దారి చాలా దూరం అడవిలోంచి పోతుంది, పైభాగం మాత్రం బోడిగా తేలిన తెల్లటి సున్నపురాయి. మేటి పందెగాళ్ళు దీన్ని గంటలోపు ఎక్కేస్తారు. మనం అనుకున్న 100 వాట్ల మనిషికి లెక్క ప్రకారం నాలుగు గంటల దగ్గర పడుతుంది. ఇద్దరూ ఒకే శిఖరం మీద నిలబడతారు. కిలో బరువుకు ఇద్దరూ చేసిన పని ఇంచుమించు ఒక్కటే. తేడా మొత్తం గడియారంలో ఉంది.

సమయాన్ని కొలమానంగా పెట్టుకున్న సైకిలు సంప్రదాయం ఒకటి ఫ్రాన్సులోనే పుట్టి హైదరాబాదు దాకా వచ్చింది. దాన్ని బ్రెవే అంటారు. ఇందులో మొదటి స్థానం, రెండో స్థానం ఉండవు. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో, 300ను 20 గంటల్లో, 600ను 40 గంటల్లో ముగిస్తే చాలు. విశ్రాంతి, తిండి, టీ నీళ్ళు అన్నీ కలుపుకుని గంటకు 15 కిలోమీటర్ల సగటు. వీటన్నిటికీ పెద్దన్న పారిస్ నుంచి బ్రెస్ట్ దాకా వెళ్ళి తిరిగి వచ్చే 1,200 కిలోమీటర్ల యాత్ర. 1891లో పందెంగా మొదలై, ఇప్పుడు నాలుగేళ్ళకోసారి జరుగుతుంది, గడువు 90 గంటలు. పల్లెల మధ్య చిన్న రోడ్ల మీద ఎక్కుతూ దిగుతూ పదివేల మీటర్లకు పైగా ఎత్తు ఎక్కాలి. అరవై దాటినవాళ్ళు కూడా అందులో గడువులోగా ముగిస్తున్నారంటే, అది అడిగేది ఓపికను, నిలకడను కాబట్టి.

దిగేటప్పుడు ఆ శక్తి ఎక్కడికి పోతుంది?

ఇక రెండో ప్రశ్న. ఎక్కినప్పుడు కూడబెట్టిన శక్తి దిగేటప్పుడు తిరిగి రావాలి కదా? శక్తి నశించదన్న మాట నిజమే. మన 80 కిలోల మనిషీ సైకిలూ 500 మీటర్ల ఎత్తుకు చేరితే, ఆ ఎత్తులో దాగిన శక్తి లీటరుంబావు నీళ్ళను మరిగించడానికి సరిపోతుంది. దీన్ని ఎత్తుశక్తి అందాం, పాఠ్యపుస్తకాల్లో స్థితిజశక్తి అని ఉంటుంది. దిగేటప్పుడు అదంతా బయటికి వస్తుంది. అయితే వచ్చేది మన కాళ్ళలోకి కాదు. 5 శాతం వాలు మీద తొక్కకుండా వదిలేస్తే సైకిలు వేగం పెరుగుతూ పోయి గంటకు 35 కిలోమీటర్ల దగ్గర నిలకడకు వస్తుంది. అక్కడ గాలి అడ్డు, దొర్లుడు అడ్డు కలిసి భూమి లాగుడుకు సమానమవుతాయి. ఆ తర్వాత దిగే ప్రతి మీటరుకూ విడుదలయ్యే శక్తిలో ఆరింట ఐదు వంతులు గాలిని చెదరగొట్టడానికి, మిగిలింది టైర్లు వేడెక్కడానికి పోతుంది.

పై నుంచి పడేదంతా చివరికి వేడిగా మారుతుందని తేల్చినవాడు జేమ్స్ జౌల్. 1847లో ఆయన ఫ్రాన్సులోని సలాంష్ జలపాతం దగ్గర పైనీటికీ కిందినీటికీ వేడిలో తేడా కొలవాలని చూశాడనీ, నీళ్ళు తుంపరలై చెదిరిపోవడంతో కుదరలేదనీ మిత్రుడు విలియం తామ్సన్ చెప్పాడు. మాచర్ల దగ్గరి ఎత్తిపోతల్లో చంద్రవంక సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. ఆ పతనమంతా వేడిగా మారితే నీరు వేడెక్కేది డిగ్రీలో ఇరవయ్యో వంతు మాత్రమే. చెయ్యి పెట్టి పోల్చుకోలేం కాబట్టి శక్తి ఏమైపోయిందో అనిపిస్తుంది. కొండ దిగే సైకిలు చెదరగొట్టిన గాలి కూడా అలాగే కంటికి కనిపించకుండా రవ్వంత వేడెక్కుతుంది.

శక్తిని చెదరనీయకుండా పట్టుకునే యంత్రం ఉంటే? నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఉన్న ఎనిమిది యూనిట్లలో ఏడు రెండువైపులా పనిచేస్తాయి. కరెంటుకు గిరాకీ ఉన్నప్పుడు నీటిని కిందికి వదిలి కరెంటు తీస్తాయి, మిగులు ఉన్నప్పుడు అదే నీటిని తిరిగి పైకి తోడగలవు. కింద నీరు నిలవడానికి సత్రశాల దగ్గర టెయిల్ పాండ్ కట్టారు. ఇంత పెద్ద ఏర్పాటులో కూడా, ఇలాంటి కేంద్రాలు ఎక్కడున్నా, పైకి తోడటానికి పెట్టిన కరెంటులో తిరిగి వచ్చేది సుమారు నాలుగింట మూడు వంతులు. సైకిలుకు అలాంటి యంత్రమే లేదు. మన కండరం కూడా ఒకవైపే నడుస్తుంది. దిగేటప్పుడు విడుదలైన శక్తితో తిన్న అన్నం తిరిగి తయారు కాదు.

"వేగంగా దిగితే ఆ ఊపుతో ఎదుటి ఎత్తు ఎక్కేయొచ్చు" అనేవాళ్ళుంటారు. కొంతవరకే నిజం. గంటకు 30 కిలోమీటర్ల ఊపు, అడ్డంకులేవీ లేవనుకున్నా, మనల్ని మూడున్నర మీటర్ల ఎత్తుకు మించి తీసుకుపోదు. దుర్గి, కారంపూడి వైపు రోడ్ల మీద వాగుల దగ్గర పల్లంలోకి దిగి లేచేచోట ఈ ఊపు బాగా పనికొస్తుంది. వందల మీటర్ల ఘాట్ ముందు మూడున్నర మీటర్లు లెక్కలోకి రాదు.

సమయం లెక్క ఇంకా స్పష్టం. 5 శాతం వాలున్న 10 కిలోమీటర్ల ఘాట్ ఎక్కడానికి 80 నిమిషాలు, దిగడానికి 17 నిమిషాలు. మొత్తం 97. అదే 20 కిలోమీటర్లు చదునులో అయితే 60 నిమిషాలు. ఎక్కడానికే 80 నిమిషాలు అయిపోయాయి కాబట్టి, కన్ను మూసి తెరిచేలోగా కిందికి చేరినా చదునుతో సమానం కాలేం. కొండలో పోయిన సమయాన్ని దిగుడులో పూడ్చుకోవాలని చూడటం అందుకే నిష్ఫలం, పైగా ప్రమాదం. ఎత్తుశక్తిని గాలికి ఇవ్వకపోతే బ్రేకుకు ఇవ్వాలి. బ్రేకు రబ్బరును ఆపకుండా ఒత్తి పట్టుకుని దిగితే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలవచ్చు. మలుపుకు ముందే గట్టిగా కాసేపు పట్టి, వేగం తగ్గాక వదిలి, రిమ్ముకు గాలి తగలనిస్తూ దిగడమే సరైన పద్ధతి.

పల్నాటి ఎండ, నల్లమల నీడ

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం మన ఎండ. ఫ్రాన్సు కొండల చల్లదనంలో సాగిన సైకిలు యాత్ర రెంటచింతల ఎండలో ఎలా సాగుతుంది? ఈ ప్రశ్నకు కూడా లెక్క ఉంది. తిన్న తిండిలోని శక్తిలో కండరం పనిగా మార్చేది నాలుగో వంతు, మిగతాది వేడి. పెడల్ మీద 100 వాట్లు పడుతుంటే ఒంట్లో 300 వాట్ల వేడి పుడుతుంది. చదునులో 20 కిలోమీటర్ల వేగంతో ఎదురుగాలి ఆ వేడిని తీసుకుపోతుంది. కొండ మీద పని అంతే, వేడి అంతే, గాలి మాత్రం మూడో వంతు. అందుకే ఎక్కేటప్పుడు ఉక్కిరిబిక్కిరి అవుతాం. గాలి వేడి 35 డిగ్రీలు దాటితే చర్మానికి తగిలే గాలి చల్లబరచడం మాని వేడెక్కించడం మొదలుపెడుతుంది. అప్పుడు దిక్కు చెమట ఒక్కటే. 300 వాట్ల వేడిని చెమటతోనే పోగొట్టాలంటే గంటకు అరలీటరు దాకా ఆవిరి కావాలి. కారి నేల మీద పడ్డ చెమట పనికిరాదు, ఒంటి మీద ఆరిన చెమటే చల్లబరుస్తుంది. మధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్ల చొప్పున మీద పడుతూ ఆ భారాన్ని ఇంకా పెంచుతుంది.

నీడ ఉంటే ఈ చివరి భారం పోతుంది. అడవి రోడ్డు విలువ అక్కడే ఉంది. కానీ నల్లమల అడవి తీరు వేరు. ఫ్రాన్సు అడవుల్లో ఆకు రాల్చే చెట్లు చలికాలంలో రాలుస్తాయి. సైకిలు కాలమైన వేసవికి నిండుగా చిగిర్చి ఉంటాయి. నల్లమలలో టేకు, నల్లమద్ది, చిరుమాను నీటి ఎద్దడిని తట్టుకోవడానికి ఎండ ముదిరే వేళకే ఆకు రాలుస్తాయి. నీడ ఎప్పుడు కావాలో అప్పుడే ఉండదు. కాబట్టి మన కొండదారుల క్యాలెండరు వాళ్ళది కాదు. వానలు వెనకబట్టిన కార్తీకం నుంచి మాఘం దాకా, ఆకు ఇంకా చెట్టు మీద ఉండగా, ఉదయపు చలిలో నల్లమల అంచున తొక్కడం వేసవి ఫ్రాన్సుకు ఏమాత్రం తీసిపోదు. ఉప్పు వేసిన మజ్జిగ, నీళ్ళు దగ్గరుంచుకుంటే చాలు. ఎండాకాలంలో పొద్దెక్కాక కొండ ఎక్కవద్దు. ఇది ధైర్యానికి సంబంధించిన విషయం కాదు, ఆవిరి లెక్కకు సంబంధించింది.

అడవి మరో నియమం కూడా పెడుతుంది. నల్లమల పులుల అభయారణ్యం. శ్రీశైలం ఘాట్ రోడ్లను రాత్రిపూట మూసేది జంతువులు నిశ్చింతగా తిరగడం కోసమే. చప్పుడు లేకుండా వచ్చే సైకిలును జంతువు ఆలస్యంగా గమనిస్తుంది కాబట్టి, వెలుగు బాగా వచ్చాక బయలుదేరి, పొద్దు వాలకముందే బయటపడేలా, ఒంటరిగా కాక తోడుతో వెళ్ళాలి. నెమ్మదిగా పోయేవాడు దూరాన్ని కాకుండా పగటి వెలుగును కొలుచుకుని ప్రయాణం కట్టుకోవాలి.

కొండకు తగిన సైకిలు

కొండ ఎక్కాలంటే లక్షలు పోసి తేలికపాటి సైకిలు కొనాలన్న భ్రమ ఒకటి ఉంది. 15 కిలోల సైకిలుకు బదులు 8 కిలోలది కొంటే మొత్తం బరువు 80 నుంచి 73కు దిగుతుంది. 80 నిమిషాల ఎక్కుడులో ఏడు నిమిషాలు కలిసొస్తాయి. పందెగాడికి అది గెలుపు ఓటముల తేడా. మామూలు మనిషికి అసలు తేడా ఇచ్చేది పెడల్ మీది ఒత్తిడిని 24 కిలోల నుంచి 8కి దించిన గేరు. గేర్ల సైకిలు కొనే వీలు లేకపోయినా దారి ఉంది. వెనక 18 పళ్ళ ఫ్రీవీలు తీసి 22 పళ్ళది వేయిస్తే ఒత్తిడి ఐదో వంతు దాకా తగ్గుతుంది. చదునులో కొంచెం ఎక్కువ చుట్లు తొక్కాల్సి వస్తుంది, అంతే. 10 శాతం వాలు ఎదురైతే దిగి నెట్టుకుంటూ నడవడంలో నష్టం లేదు. ఆ వాలు మీద 100 వాట్ల సైకిలు వేగం గంటకు నాలుగు కిలోమీటర్లు, నడక కూడా అంతే.

మోటారు సైకిలు ఉండగా ఇదంతా ఎందుకన్న ప్రశ్న మిగిలింది. సరుకులకు, అత్యవసరానికి మోటారే సరైనది, అందులో వాదం లేదు. కానీ మన పల్లెల్లో బడికి సైకిలు మీద పోయే ఆడపిల్లలున్నారు, గట్టు దాటి పొలానికి పోయే పెద్దవాళ్ళున్నారు. వాళ్ళలో చాలామంది చిన్న ఎత్తు వచ్చినా దిగి నెట్టుకుంటూ, అది తమ శరీరపు లోపమనుకుంటున్నారు. ప్రభుత్వాలు తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చాయి, అది మంచి పని. అలా ఇచ్చే సైకిళ్ళకు కొండ ప్రాంతాల్లోనైనా వెనక పెద్ద ఫ్రీవీలో, మూడు గేర్లో ఉండాలని అడగడానికి పైన చెప్పిన లెక్కలు చాలు. చదునుకు తయారైన యంత్రాన్ని ఇచ్చి, ఎత్తు ఎక్కలేకపోతే నీ కాళ్ళలో బలం లేదనడం అన్యాయం. ఒక కొండ ఎక్కడానికి కావలసిన పని ఎంతో ప్రకృతి నిర్ణయిస్తుంది, దాన్ని మార్చలేం. ఆ పనిని ఎన్ని ముక్కలుగా చేసుకోవాలన్నది పూర్తిగా మన చేతుల్లో ఉంది. మన సైకిళ్ళను ఆ ప్రకారం తయారు చేసుకుంటే కోటప్పకొండ ఘాట్ పదిహేనేళ్ళ పిల్లకూ అందుతుంది, అరవై ఏళ్ళ తాతకూ అందుతుంది.